ఆవులు వట్టిపోయేదాకా గడువు

ఎఫీ రాట్రే చూపంటే మా గ్లెన్‌కేర్డ్ పిల్లలకి హడలు. చర్చిలో వెనక బెంచీ మీద ఎవడైనా కిసుక్కుమంటే చాలు, బయటికొచ్చాక వాణ్ణి పట్టుకుని, "ఒరే, పిరీ వాళ్ళ సన్నాసీ! నీ మెడ మీద మట్టి నాకు ముందు వరసలోకి కనిపిస్తోందిరా, వెళ్ళి కడుక్కో" అనేది. వాడి మెడ మీద మట్టి ఎలాగూ ఉండేది. ఆవుల మధ్య పెరిగే కుర్రాడి మెడ మీద మట్టి కాక ఇంకేముంటుంది? కానీ ఆవిడకి ఆ మట్టీ కనిపించేది కాదు, ఆ మెడా కనిపించేది కాదు. అప్పటికి కొన్నేళ్ళుగా ఎఫీకి పట్టపగలూ అర్ధరాత్రీ ఒకటే. ఆ సంగతి లోకంలో తెలిసిన మనిషి ఒక్కడే, కొడుకు ఆలిక్.

కళ్ళు చూడ్డానికి శుభ్రంగా ఉండేవి. నీలి కళ్ళు, పొర లేదు, ఎరుపు లేదు. చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా ముడుచుకుంటూ వచ్చి, చివరికి నడిమధ్యన కూడా ఆరిపోయింది. నలుగురికీ చెప్పుకోవచ్చు కదా అంటారేమో. మా వాళ్ళు చెప్పరు. తాతల నాడు స్కాట్లండులో ఓడెక్కి న్యూజీలాండు దక్షిణపు కొసకొచ్చి పడ్డ సంతానం మాది. ఇల్లు తగలబడుతున్నా పక్కవాణ్ణి బకెట్టు అడగడానికి సిగ్గుపడే రకం. అడవి నరుకుతుంటే చెట్టు మీద పడి ఎఫీ మొగుడు పోయినప్పుడు ఊరంతా వాళ్ళింటికెళ్ళింది. ఆవిడ అందరికీ టీ పోసి, ఓట్స్ రొట్టె పెట్టి, సాయం అన్న మాట ఎవరి నోటా రాకముందే మర్యాదగా సాగనంపింది. ఆలిక్ అప్పటికి బడికెళ్ళే పిల్లాడు. ఆ మర్నాటి నుంచి తల్లీ కొడుకులే పాలు పితికారు, వాళ్ళే క్యాన్లు బండికెక్కించి చీజ్ ఫ్యాక్టరీకి తోలారు.

చూపు పోయాక కూడా ఆ పని ఆగలేదు. పొదుగు మీద చెయ్యి వేస్తే ఏ ఆవో ఆవిడకి తెలిసిపోయేది. ఇంట్లో కుర్చీ కూడా జానెడు జరగకుండా చూసుకునేవాడు ఆలిక్. కంచె కట్టడం, తప్పిపోయిన దూడని వెతకడం, బండి తోలడం, జబ్బు చేసిన ఆవు కంటిలోకి చూసి ఏమైందో చెప్పడం, ఇవన్నీ వాడివి. బయటికెళితే తల్లికి కాస్త ముందు నడిచేవాడు, బూట్లు గట్టిగా ఆనిస్తూ. ఊళ్ళో వాళ్ళు, "ఆలిక్‌గాడి నడక చూడు, ఏనుగులా" అని నవ్వేవారు. చర్చిలో ఒకసారి ఎఫీ పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే చప్పుడు కాకుండా తిప్పి పెట్టాడు. ఇద్దరూ కలిసి ఊరి కళ్ళు కప్పారు, అంత బాగా ఎవరూ కప్పలేరు.

అటు ఫ్రాన్స్‌లో యుద్ధం మూడో ఏట పడింది. ఇష్టపడి వెళ్ళేవాళ్ళు తగ్గిపోయేసరికి సర్కారు చట్టం తెచ్చి, ఈడొచ్చిన పెళ్ళికాని మగాళ్ళందరినీ రిజర్విస్టులని పేరు రాసేసుకుంది. చీటీలు తీసి, వచ్చిన పేర్లు పేపర్లో వేసి, నెలనెలా కొందరిని పిలవడం మొదలెట్టింది. పిలుపొచ్చిన వాడికి అభ్యంతరం ఉంటే బోర్డు ముందుకెళ్ళి చెప్పుకోవాలి. బోర్డు ఊరూరా తిరుగుతూ, పక్కనున్న పట్నంలో కోర్టు హాల్లో కూర్చునేది. తలుపులు బార్లా తీసి ఉండేవి. పనిలేని వాళ్ళందరూ వచ్చి బెంచీలు నింపేవారు. ఎవడి తల్లికి ఏ రోగం, ఎవడి తండ్రి ఎంత తాగుతాడు, అన్నీ అక్కడ బయటపడేవి, మర్నాడు పేపర్లో అచ్చయ్యేవి. సిగ్గు లేని పద్ధతి అది, నేనిప్పటికీ అంటాను.

జనవరి ఆఖర్న ఒకరోజు కంచె అవతలి జెస్సీ పిరీ పేపరు పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఎఫీ, ఏమే, చూశావా?"

"చూశాన్లే," అంది ఎఫీ, పిండి కలుపుతూనే.

"చూసీ ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నావే తల్లీ! నీది రాతిగుండె."

జెస్సీ వెళ్ళేదాకా ఆగి, కొడుకుని పిలిచింది. "పేపర్లో ఏముందిరా?"

"నా పేరమ్మా," అన్నాడు ఆలిక్.

ఎఫీ పిండిలోంచి చేతులు తియ్యలేదు.

"చెప్పేద్దామమ్మా," అన్నాడు వాడే. "ఒక్క ముక్క చాలు. మా అమ్మకి చూపు లేదండీ అంటే పూర్తిగా వదిలేస్తారు."

"వదిలేసి పేపర్లో వేస్తారు. గుడ్డి ఎఫీ అని. ఇక రోజూ ఎవత్తో వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. చెవిటిదాన్నైనట్టు నా మొహం మీదికొచ్చి అరుస్తూ మాట్లాడతారు. నేను చచ్చినా ఒప్పుకోను."

"మరి నేను పోతేనో?"

"ఎందుకు పోతావు? గడువు అడుగు. మే దాకా, చలికాలమొచ్చి ఆవులు వట్టిపోయేదాకా. గడువు అడిగితే తప్పులేదు, పొలం ఉన్న ప్రతివాడూ అడుగుతున్నాడు. మినహాయింపు అడిగేవాడు పిరికివెధవ. మే వచ్చాక దూడల పని ఉందని ఇంకో గడువు. ఈలోగా ఆ దిక్కుమాలిన యుద్ధం అయిపోతుంది."

అది ఆవిడ ఒక్కదాని తెలివి కాదు, మా ఊరందరి తెలివీ అదే. గడువు అడిగితే పరువుంటుంది, మినహాయింపు అడిగితే పోతుంది. గడువు మీద గడువు తెచ్చుకుని బతకొచ్చని పాలవాళ్ళందరూ అనుకున్నారు. గడువనేది మెడ మీద వేలాడే కత్తి అని ఎవరికీ తట్టలేదు.

విచారణకి ముందు కానిస్టేబులు హానన్ సైకిలు మీద వచ్చాడు. ఇంటి పరిస్థితి చూసి బోర్డుకి రాయడం అతని పని. మంచివాడే పాపం. గొలుసు కిర్రుమనగానే ఎఫీ గుమ్మంలో నిలబడింది.

"బూట్లు తుడుచుకుని రావయ్యా, నేల ఇప్పుడే కడిగాను."

కూర్చోబెట్టి, ఒక్క చుక్క ఒలక్కుండా టీ పోసింది. పాలశాల చూపించింది. మాట్లాడుతూనే ఓ ఆవుని పితికి, బకెట్టు అంచుదాకా నురగ పొంగించింది.

"మీలాంటి మనిషి ఉంటే ముగ్గురు మగాళ్ళున్నట్టేనండీ," అన్నాడు హానన్ వెళుతూ.

ఆ రాత్రి ఆ మాట కొడుక్కి చెప్పి పడీపడీ నవ్వింది ఎఫీ. "వాడికి ఆవగింజంత కూడా అనుమానం రాలేదురా!" ఆలిక్ నవ్వలేదు, గంజి తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

విచారణ ముందురోజు సాయంత్రం తల్లిని ఖాళీగా ఉన్న కోర్టు హాలుకి తీసుకెళ్ళాడు. బెంచీ ఎక్కడ, మెట్టు ఎక్కడ, కటకటాలు ఎక్కడ, అన్నీ చేత్తో తడిమించాడు. ఊడ్చేవాడు చూసి ఏమిటని అడిగితే, బోర్డంటే అమ్మకి భయమని చెప్పాడు. ఎఫీకి భయం! వాడు కూడా నమ్మి ఉండడు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. మధ్యలో అధ్యక్షుడు, చెరో పక్కా ఒక సభ్యుడు, ఓ మూల సైన్యం తరఫు కెప్టెను. "రిజర్విస్టు అలెగ్జాండర్ రాట్రే" అని పిలిచారు. ఆలిక్ అసలు పేరు అదే, లేచి నిలబడ్డాడు.

"నువ్వెళ్ళిపోతే పాలు ఎవరు పితుకుతారు?" అనడిగాడు అధ్యక్షుడు.

"అమ్మ ఉంది సర్. కానీ..." తల్లి వైపు తిరిగాడు ఆలిక్. "కానీ, మా అమ్మ కళ్ళు..."

"నా కళ్ళు నీ మీదే ఉన్నాయి!" అని ముందు బెంచీలోంచి గద్దించింది ఎఫీ. "నిటారుగా నిలబడి మాట్లాడు."

హాలంతా గొల్లున నవ్వింది. అధ్యక్షుడు కూడా నవ్వాపుకుంటూ, "మీరే రండమ్మా," అన్నాడు. ఎఫీ లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేరుగా నడిచి, మెట్టెక్కి, తడుముకోకుండా బైబిలు అందుకుని ప్రమాణం చేసింది. ప్రాక్టీసు వృథా పోలేదు. అయ్యో, పోయుంటే ఎంత బావుండేది!

"ఆవుల పని మీకొచ్చా అమ్మా?"

"మీకు భోంచెయ్యడం వచ్చా అయ్యా?"

మళ్ళీ నవ్వులు. ఎఫీ బుగ్గలు ఎర్రబడ్డాయి, ఉత్సాహం వచ్చేసింది. ఏ గొంతు ఎటునుంచి వస్తే అటు మొహం తిప్పి, ముగ్గురికీ టకటకా జవాబు చెప్పింది. కూలివాణ్ణి పెట్టుకోగలరా అంటే, మనిషి దొరికినా దొరక్కపోయినా నా ఆవుల్ని నేను చూసుకోగలనంది. పిల్లాడు మే దాకా ఉంటే పని తెమిలిపోతుంది, అంతకుమించి సర్కారుని నేనేమీ అడగనంది. ఆలిక్ కటకటాల్ని పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

బోర్డు వాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. తరవాత అధ్యక్షుడు చెప్పాడు. ఇంత సమర్థురాలైన తల్లి ఉన్నాక కొడుకుని ఇంట్లో ఉంచడానికి కారణం కనిపించడం లేదట. అప్పీలు కొట్టేశారు. ఆవులు వట్టిపోయేదాకా, అంటే మే నెలాఖరుదాకా గడువు. ఆ తరవాత శిబిరానికి వెళ్ళాలి. ఇదే ఆఖరి గడువు, మళ్ళీ పొడిగించరు.

"మళ్ళీ పొడిగించరు" అన్న మాట దగ్గర ఎఫీ చెయ్యెత్తింది.

"ఆగండి," అంది. "అయ్యా, ఆగండి. నాకు కనిపించదు."

"ఏమిటమ్మా?"

"నాకు కళ్ళు కనిపించవు. నేను గుడ్డిదాన్ని. నా కొడుకు లేకపోతే నాకు..."

ఎవరో ఫక్కుమన్నారు. వెనక బెంచీ నుంచి పిరీ వాళ్ళ పెద్దాడు, "నా మెడ మీద మట్టి కనిపిస్తుందన్నావుగా ఎఫీ!" అని అరిచాడు. అంతే, ఇంక హాలు ఆగలేదు. ఇందాక బోర్డు ముగ్గురి మొహాలూ చూస్తూనే మాట్లాడారు కదండీ, అన్నాడు కెప్టెను విసుగ్గా. హానన్‌ని లేపి అడిగితే, ఆవిడ నాకు టీ పోసిందండీ, ఒక్క చుక్క ఒలకలేదండీ, అని ఉన్నమాట చెప్పాడు. తీర్పయ్యాక ఇలాంటివి రోజూ వింటున్నామమ్మా, వెళ్ళిరండి, అన్నాడు అధ్యక్షుడు. కోపంగా కూడా కాదు. మర్నాడు పేపర్లో శీర్షిక పడింది: "తీర్పు వినగానే తల్లికి చూపు పోయింది!"

ఆ తరవాత ఫ్యాక్టరీ దగ్గర ఆలిక్‌కి నరకం చూపించారు. క్యాన్లు దించుతుంటే ఒకడు కళ్ళు మూసుకుని చేతులు చాపి తడుముకుంటూ నడిచేవాడు, మిగతావాళ్ళు పగలబడేవారు. కొడుకులు అప్పటికే యుద్ధంలో పోయిన ఇళ్ళ వాళ్ళు నవ్వలేదు, అసలు మాట్లాడటమే మానేశారు. ఆలిక్ నోరెత్తకుండా ఖాళీ క్యాన్లు ఎక్కించుకుని వచ్చేసేవాడు. ఇంటికొచ్చి మిగిలిన పొద్దంతా కంచె తీగ లాగేవాడు. గుమ్మం నుంచి పాలశాలకి, పాలశాల నుంచి నీళ్ళ ట్యాంకుకి, అక్కణ్ణుంచి గేటుకి, నడుమెత్తున, తల్లి పట్టుకుని నడవడానికి.

"నేనేమన్నా కుక్కనేంట్రా, తాడు కట్టడానికి?" అనేది ఎఫీ.

"పట్టుకుని ఒకసారి నడిచి చూడమ్మా," అనేవాడు.

అలా ఉండగా చర్చి పాస్టరు మెక్‌ఫెయిల్ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఎఫీ గారూ, ఆ రోజు మీరన్నది నిజమే అయితే నాతో చెప్పండి. బోర్డుకి నేను స్వయంగా రాస్తాను," అన్నాడు. అంతకంటే మంచి దారి ఎవరు చూపిస్తారు? పెద్దమనుషుల ఊపిరి ఆవిడకి వినిపిస్తూనే ఉంది. ముగ్గురూ తన కళ్ళలోకే చూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

"కొడుకు పోతాడంటే ఏ తల్లి నోరు అదుపులో ఉంటుందండీ? ఏదో అనేశాను, మర్చిపోండి," అంది ఎఫీ. "టీ తీసుకుంటారా?"

వెనక వంటింట్లో ఆలిక్ కట్టెల మోపుతో నిలబడి ఉన్నాడు. మోపు నెమ్మదిగా కింద పెట్టి బయటికెళ్ళిపోయాడు. ఎఫీకి ఆ చప్పుడు తెలిసింది. పిలవలేదు. తరవాత ఈ సంగతి విన్నాక ఆవిడ మీద నాకొచ్చినంత కోపం బోర్డు మీద కూడా రాలేదు.

ఏప్రిల్లో జెస్సీ పిరీ కయ్యానికొచ్చింది. పిలుపొచ్చిన తన పెద్దకొడుకుని అబద్ధాలకోరు తల్లి కొడుకుతో ఒకే శిబిరానికి పంపాలా అని ఆవిడ మంట. దారికి అడ్డంగా నడుం మీద చేతులు పెట్టుకుని, చూద్దాం ఏమంటుందో అని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. ఎఫీ తీగ మీద ఓ చెయ్యి, రెండో చేతిలో పాల బకెట్టు, సరాసరి వచ్చి జెస్సీ గుండెలకి కొట్టుకుంది. పాలన్నీ ఇద్దరి మీదా ఒలికాయి.

"ఓసి దరిద్రపుదానా!" అని జెస్సీ ఏడుపందుకుంది. "నిజంగానా? ఎన్నాళ్ళయిందే? నీ పక్కనే ఉండి నేనెక్కడ చచ్చానే!"

ఎఫీకి తప్పించుకునే దారి లేకపోయింది. ఆ వారమే జెస్సీ ఆవిణ్ణి రైలెక్కించి ఇన్వర్‌కార్గిల్‌లో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన దీపం పెట్టి చూసి, లోపలి నరం చచ్చిపోయింది, ఇక చూపు రాదు, అని రాసిచ్చాడు. కేసు మళ్ళీ వినమని అర్జీ పెట్టారు. హానన్ తలదించుకుని ఆ కాగితం తనే తీసుకెళ్ళాడు. ఆలిక్ సంతకం పెట్టి పొలంలోకి వెళ్ళిపోయాడు.

మేలో రెండో విచారణ. పొద్దున్నే ఆలిక్, "ఫ్యాక్టరీకెళ్ళి అటునుంచి వస్తాను, నువ్వు జెస్సీ అత్తతో పద," అన్నాడు. ఎఫీ దారంతా బండిలో పెదాలు కదుపుతూనే ఉంది. ఎలా మొదలెట్టాలో, ఏది ముందు చెప్పాలో. జెస్సీ చెయ్యి పట్టుకుని, ఊరందరి ముందూ తడుముకుంటూ హాల్లోకి నడిచింది. మెట్టు తట్టుకుని పడబోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పేరు పిలిచారో లేదో లేచి నిలబడింది. ఎవరైనా ఆపితే మళ్ళీ ధైర్యం రాదనుకుందేమో, గుక్క తిప్పుకోకుండా మొదలెట్టేసింది. కెప్టెను ఏదో అనబోతే అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు.

"నేను గుడ్డిదాన్నయ్యా. ఐదేళ్ళ నుంచి. మీ మొహం నేనెప్పుడూ చూడలేదు. మొన్న ఈ హాల్లో ఎలా నడవాలో ముందురోజొచ్చి నేర్చుకుని నడిచాను. కానిస్టేబుల్ని మోసం చేశాను. పాస్టరుగారితో అబద్ధమాడాను. కంచె తెగితే నాకు తెలీదు, దూడ బురదలో దిగబడితే అది అరిస్తే తప్ప తెలీదు. నా గౌను మీద మరకుందో లేదో కూడా పిల్లాడే చూసి చెబుతాడు. చర్చిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే వాడే తిప్పాడు. వాడు లేకపోతే నేను బతకలేను. నాకు సిగ్గేసి చెప్పలేదు, అంతే. వాణ్ణి నాకు వదిలెయ్యండి."

డాక్టరు కాగితం చదివించుకుని అధ్యక్షుడు కళ్ళజోడు తీసేశాడు. "ఆ మాట ముందే చెప్పుంటే ఆ రోజే పూర్తిగా వదిలేసేవాళ్ళమమ్మా," అన్నాడు. కలం అందుకున్నాడు.

అప్పుడు కెప్టెను లేచాడు.

"సర్, ఇందాకే చెప్పబోయాను, ఆవిడ మొదలెట్టేశారు. రిజర్విస్టు రాట్రే నిన్న మా ఆఫీసుకొచ్చి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. వైద్య పరీక్ష కూడా అయిపోయింది. ముందు వెళ్ళే దళంలో పడెయ్యమని తనే అడిగాడు. ఇప్పుడు బోర్డు ముందు కేసే లేదు."

"ఏమంటున్నాడే?" అంది ఎఫీ జెస్సీ వైపు తిరిగి. వినిపించలేదనుకుని కెప్టెను మళ్ళీ మొత్తం చెప్పాడు.

"పాలవేళైంది, నన్ను ఇంటికి తీసుకుపో," అంది ఎఫీ.

ఇంటికొచ్చేసరికి పాలశాలలోంచి బకెట్లో ధార పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తీగ పట్టుకుని లోపలికెళ్ళింది.

"ఎందుకురా?"

ధార ఆగింది. "ఇందాక హానన్ సైకిలు మీదొచ్చి చెప్పాడమ్మా. మొత్తం చెప్పేశావట."

"చెప్పాను. వదిలేస్తామన్నారు. కలం కూడా పట్టుకున్నాడట. నిన్న ఒక్కరోజు ఆగలేకపోయావా?"

ఆలిక్ ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది.

"నువ్వు చెప్తావనుకోలేదమ్మా," అన్నాడు చివరికి. "డాక్టరు కాగితం ఉంటే మాత్రం? అక్కడ నిన్ను నిలబెట్టి అడిగితే, బాగానే కనిపిస్తుందండీ, టీ తీసుకుంటారా, అంటావనుకున్నాను. ఊరంతా మళ్ళీ నిన్ను చూసి నవ్వుతుంది. రెండోసారి అది చూడలేననుకున్నాను. నిన్ను నమ్మలేదు."

వాడికి అలా అనుకోవడం నేర్పింది ఆవిడే. కింద కూర్చుని, మిగిలిన ఆవు పొదుగు వెతుక్కుని పితకడం మొదలెట్టింది.

కెప్టెను కాళ్ళావేళ్ళా పడింది జెస్సీ. పాస్టరు రాజధానికి ఉత్తరాలు రాశాడు. జవాబు వచ్చేసరికి ఆ దళం ఓడెక్కేసింది. మరుసటేడు వసంతంలో ఫ్రాన్స్‌లో ఆలిక్ పోయాడు.

ఎఫీ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఆవుల్ని పిరీ వాళ్ళు చూసుకునేవారు, ఆవిడ వద్దనలేదు. ఎవరు గుమ్మంలోకొచ్చినా, కొత్తవాళ్ళయినా పాతవాళ్ళయినా, గింజలమ్మేవాడైనా, దారి అడగడానికి ఆగినవాడైనా, వాళ్ళు నోరు తెరిచేలోపే, "నేను గుడ్డిదాన్ని, నాకేమీ కనిపించదు" అని చెప్పేసేది. తెలుసు ఎఫీ, తెలుసు, అన్నా ఆగేది కాదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పేది.